నేను వదిలేసిన వాక్యం

మార్చి 3, సోమవారం

అక్క చెయ్యి రోలర్‌లో పడింది. కుడి చెయ్యి.

ఇంకేమీ రాయలేను.

మార్చి 4, మంగళవారం

ఈ రోజు నాకు సెలవు ఇచ్చారు. మా ఆయన పనికి, పాప బడికి వెళ్లారు. నిన్నటిదంతా వరసగా రాస్తే తల కాస్త కుదుటపడుతుందేమో.

పొద్దున పదిన్నర. ఆసుపత్రుల నుంచి వచ్చిన దుప్పట్లు మూడో విడత ఉతికి బయటికి తీశారు. నేను మడతల బల్ల దగ్గర ఉన్నాను, అక్క రోలర్ దగ్గర ఉంది. ఆ రోలర్‌కి అక్క పెట్టిన పేరు అత్తగారు. "ఎప్పుడు చూడు, వేడి మీదే ఉంటుంది. ఎంత పెట్టినా ఇంకా ఏదీ అంటుంది" అని నవ్వేది. మంచమంత వెడల్పున్న రెండు ఇనప దొర్లు. తడి దుప్పటి అంచు ఇటు అందిస్తే అటు కాగితంలా వస్తుంది. పదకొండేళ్లుగా అక్క చేస్తున్న పని అదే.

కేక వినబడింది. "అమ్మా" అని కాదు. "చెల్లీ" అని.

పరుగెత్తుకెళ్లి మీట నొక్కాను. దొర్లు ఆగాయి గానీ విడిపోలేదు. మెకానిక్ వచ్చి పైదాన్ని ఎత్తేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. ఆ నాలుగు నిమిషాలూ అక్క నడుం పట్టుకుని నించున్నాను. ఆమె ఏడవలేదు. "దుప్పటి కాలిపోతోందే, చూడు" అంది.

అంబులెన్సులో నన్నే పంపారు. మాట మాటకీ వాచీ చూసుకుంటాడని మా సూపర్‌వైజరుకి మేం గడియారం అని పేరు పెట్టుకున్నాం. ఆయన "నీకు భాష వచ్చు, నువ్వే వెళ్లు" అన్నాడు. నిజమే. ఉతుకు విభాగంలో మనవాళ్లం ఏడుగురం ఉన్నాం. ఇక్కడి భాష చదవడం, రాయడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. ఆయన ఏం చెప్పాలన్నా నాకు చెబుతాడు. నేను అందరికీ చెబుతాను.

రెండు వేళ్లు తీసేశారు. మిగతా చెయ్యి కాలింది. నెల తర్వాత ఇంకో ఆపరేషన్ ఉంటుందట. డాక్టరు చెప్పినవన్నీ అక్కకి తెలుగులో చెప్పాను.

"ఇంక జడ ఎలా వేసుకోనే?" అంది.

రోలర్ ముందు ఎర్ర పట్టీ ఒకటి ఉంటుంది. వేళ్లు దానికి తగిలితే చాలు, మిషను ఆగిపోవాలి. అది ఎందుకు ఆగలేదో నాకు తెలియదు.

మార్చి 6, గురువారం

పనికి వెళ్లాను. రోలర్ శుభ్రంగా తుడిచి ఉంది. ఎర్ర పట్టీ బిగించి ఉంది, వేలు పెడితే టక్కున ఆగుతోంది. మెకానిక్ నా వైపు చూడలేదు.

పదకొండింటికి గడియారం మా ఏడుగురిలో మిగిలిన ఆరుగురినీ తన గదికి పిలిచాడు. బల్ల మీద కాగితం పెట్టి నన్ను చదివి వినిపించమన్నాడు. "రక్షణ పట్టీ సరిగానే ఉంది. కార్మికురాలు మిషను ఆపకుండా చెయ్యి లోపల పెట్టింది." కింద ఆరు గీతలు ఉన్నాయి.

నేను మనవాళ్లకి, "ప్రమాదం జరిగిందని రాశారు, మనం ఆ రోజు పనిలో ఉన్నామని సంతకం పెట్టాలట" అన్నాను. అదీ అందులో ఉంది కదా. అబద్ధమేమీ కాదు.

మడతల బల్ల దగ్గర పనిచేసే తాతగారు, "అంతేనా తల్లీ?" అన్నారు.

"అంతే తాతగారూ."

ఆరో గీత మీద నేను సంతకం పెట్టాను. గడియారం నా ఒక్కదాన్నీ ఆగమన్నాడు. "నీ పర్మిట్ రెన్యువల్ ఏప్రిల్ పదిన కదా? ఉద్యోగం లెటర్ నేను ముందుగానే ఇస్తాను, కంగారుపడకు" అన్నాడు. తర్వాత సొరుగులోంచి రంగు పెన్సిళ్ల డబ్బా తీసి పాపకి ఇమ్మన్నాడు. ఆయన మంచివాడు. నేనీ దేశం వచ్చిన కొత్తలో నోరు విప్పడానికి భయపడుతుంటే, "తప్పులు మాట్లాడు, నేను దిద్దుతాను" అన్నది ఆయనే.

ఆయన మంచివాడు.

మార్చి 7, శుక్రవారం

పెన్సిళ్లు పాపకి ఇంకా ఇవ్వలేదు.

మార్చి 9, ఆదివారం

పాప కింద పార్కులో ఆడుకుంటోంది. కిటికీలోంచి కనిపిస్తోంది. మా ఆయనకి అంతా చెప్పాను. అంతా అంటే, చెప్పదగినంత.

మా ఆయన లిఫ్టులు బాగు చేస్తారు. వినగానే, "పట్టీ ఉండి కూడా ఆగలేదంటే ఎవరో దాన్ని కట్టేసి ఉంటారు. లిఫ్టు తలుపు స్విచ్చికి ఎవడైనా అలా తీగ కడితే వాణ్ని ఆ పూటే పనిలోంచి పీకేస్తాం" అన్నారు. అనేశాక నా మొహం చూశారు.

"కట్టారా?"

నేను గిన్నెలు తుడుస్తూ ఉండిపోయాను.

"నువ్వు చూశావా?"

"రోలర్ వైపు నా పని కాదండీ."

ఆయన గొంతు తగ్గించారు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం, అయినా తగ్గించారు. "చూడు. మన ముగ్గురి పర్మిట్లూ నీ ఉద్యోగం మీదే ఉన్నాయి. నీ లెటర్ లేకపోతే నా పనీ లేదు, పాప బడీ లేదు. మనం ఏదీ చూడలేదు. సరేనా?"

"సరే."

మధ్యాహ్నం మెట్ల మీద బూట్ల చప్పుడైంది. తలుపు కన్నంలోంచి చూస్తే ఫైలు పట్టుకుని ఒకతను. ఇద్దరం ఊపిరి బిగబట్టి గోడకి ఆనుకుని నించున్నాం. కరెంటు మీటరు చూడటానికి వచ్చాడు. అతను వెళ్లాక నవ్వుకుందామనుకున్నాం గానీ నవ్వు రాలేదు. మా పర్మిట్‌కి ఇంకా నెల గడువుంది. మేం దొంగలం కాదు. మరి ఎందుకలా నించున్నామో!

మార్చి 11, మంగళవారం

పని అయ్యాక ఆసుపత్రికి వెళ్లాను. అక్క చేతికి గుమ్మడికాయంత కట్టు ఉంది. వార్డులో మిగతావాళ్ల పక్కన బల్లల మీద పూలు, పండ్లు ఉన్నాయి. అక్క బల్ల మీద నీళ్ల గ్లాసు ఒక్కటే ఉంది.

"మొత్తానికి అత్తగారు అంతపనీ చేసిందే" అంది నన్ను చూడగానే. "పదకొండేళ్లు వేళకింత పెట్టినందుకు చెయ్యి నాకేసింది."

నవ్వాను. ఆ తర్వాత జడ వేశాను. వెంట్రుకలు పలచబడ్డాయి. ఎవరో బంధువుల ఇంట్లో వంటకని ఈ దేశం తీసుకొచ్చారు అక్కని. వాళ్లు మూడేళ్లకి ఇల్లు ఖాళీ చేసి ఇంకో దేశం పోతూ అక్కని మాత్రం ఇక్కడే వదిలేశారు. అక్క ఎప్పుడూ దీన్ని కష్టంలా చెప్పదు. "సామాను ఎక్కువైందట, నన్ను దించేశారు" అంటుంది.

"పని దగ్గర దెబ్బ తగిలిందని తేలితే బాగయ్యేదాకా పర్మిట్ ఉంచుతారటే. నా తప్పని తేలితే ఆసుపత్రి నుంచి ఇంటికి, ఇంటి నుంచి విమానానికి. నర్సు అంది. నాకంతే అర్థమైంది. నిజమేనా?"

"కనుక్కుని చెబుతానక్కా."

కనుక్కోవలసిన పని లేదు. నాకు తెలుసు. నిజమే.

మార్చి 13, గురువారం

కార్మిక శాఖ నుంచి ఇన్‌స్పెక్టరు రేపు అక్క దగ్గరికి వస్తుందట. వాళ్ల దగ్గర మన భాష వచ్చినవాళ్లు ఎవరూ దొరకలేదట. గడియారం నా పేరు ఇచ్చాడు. "నువ్వయితే జాగ్రత్తగా చెబుతావు" అన్నాడు.

జాగ్రత్తగా అన్న మాట దగ్గర వాచీ చూసుకోలేదు.

మార్చి 14, శుక్రవారం

అయిపోయింది. ఇన్‌స్పెక్టరు నా వయసు మనిషే. మర్యాదగా మాట్లాడింది. అక్క చెప్పినదంతా ఆమెకి చెప్పాను. అరగంటలో ముగిసింది. ఇన్‌స్పెక్టరు నాకు కృతజ్ఞతలు చెప్పి, "మీ భాష చాలా బాగుంది, ఇక్కడే పుట్టారా?" అంది.

అన్నీ సవ్యంగా జరిగాయి.

మార్చి 15, శనివారం

నిన్న రాసింది నిజం కాదు.

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. తువ్వాళ్ల కింద పెట్టుకుంటున్నాను. ఇందులో కూడా నేనెవరికి జడిసి రాస్తున్నానో తెలియడం లేదు.

అక్క చెప్పింది ఇది: "ఆ పట్టీని జనవరిలో తీగతో కట్టేశారు. నాకు అనుమానం వచ్చి మా చెల్లిని అడిగాను. బాగు చేశారక్కా, భయం లేదు అంది. తను చెబితే నేను నమ్ముతాను. ఇదిగో, ఈమే మా చెల్లి, మీరే అడగండి."

చెప్పి నా వైపు చూసింది. తప్పు పట్టే చూపు కాదు. సాక్ష్యం పలికే మనిషిని పిలిచే చూపు.

నేను ఇన్‌స్పెక్టరుతో ఇలా అన్నాను: "పట్టీ పనిచెయ్యలేదు. ఎందుకో ఆమెకి తెలియదు."

ఇన్‌స్పెక్టరు తల పైకెత్తింది. "ఆమె చాలాసేపు మాట్లాడింది కదా?"

"నొప్పి గురించి చెప్పిందండీ."

ఇన్‌స్పెక్టరు రాసుకుంది.

ఇక జనవరి సంగతి. దుప్పటి మడత తగిలినా సరే పట్టీ మిషనుని ఆపేస్తోందని, రోజూ విడతలు వెనకబడుతున్నాయని మెకానిక్ చేత గడియారం దానికి తీగ కట్టించాడు. ఇనప తీగ, రెండు చుట్లు. నేను పక్కనే ఉన్నాను. "బాగు చేశాం, ఎవరూ ముట్టుకోవద్దని చెప్పు" అన్నాడు. చెప్పాను. అందరూ ఊఁ కొట్టారు. అక్క ఒక్కతే నా దగ్గరికి వచ్చి, "నిజంగా భయం లేదా?" అని అడిగింది. తీగ నాకు కనబడుతోంది. బాగు చేశారక్కా, భయం లేదు అన్నాను.

ఎందుకు అన్నాను? ఎవరూ నన్ను బెదిరించలేదు. ఆయన చెప్పింది చెప్పినట్టు చెప్పడం అలవాటైపోయింది. అంతే.

నాకు తెలియదని పైన ఎక్కడో రాశాను. కొట్టెయ్యను. ఉండనీ.

మార్చి 17, సోమవారం

గడియారం ఇంకా అడగకుండానే లెటర్ ఇచ్చాడు. దళసరి కాగితం, ముద్ర, సంతకం. "నమ్మదగిన ఉద్యోగి" అని రాశాడు. ఇంటికి తెస్తే మా ఆయన రెండుసార్లు చదివారు, పాస్‌పోర్టులున్న ప్లాస్టిక్ కవర్లో పెట్టారు. చాలా రోజులకి కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

నేను ఇంకో రెండు రోజుల దాకా ఆసుపత్రికి వెళ్లనని అనుకున్నాను. పని ఎక్కువగా ఉంది.

మార్చి 18, మంగళవారం

పాప మంచం కింద ఊడుస్తుంటే బడి సంచీ కాని ఇంకో సంచీ తగిలింది. పోయిన ఏడాది విహారానికి వెళ్లినప్పుడు కొన్నది. బరువుగా ఉంది. తెరిచాను.

రెండు గౌన్లు, మేజోళ్లు, పళ్లు తోముకునే బ్రష్షు ఒకటి కొత్తది, ఈత పోటీలో వచ్చిన పతకం. అడుగున లెక్కల పుస్తకం, ఒక కథల పుస్తకం. కథల పుస్తకం అట్ట మీద చీటీ అంటించి ఉంది. ఇక్కడి భాషలో, గుండ్రటి అక్షరాలతో: "ఇది లైబ్రరీది. మేం వెళ్లిపోయే ముందు తిరిగి ఇచ్చెయ్యాలి."

బడి నుంచి రాగానే అడిగాను. పాపకి పదేళ్లు.

"ఎప్పుడు సర్దావమ్మా?"

"ఎప్పుడో. నువ్వూ నాన్నా మీటరు అంకుల్ వస్తే గోడకి దాక్కున్నారుగా. అప్పుడే పార్కులోంచి మన కిటికీ వైపు చూశాను. మీరు కనబడ్డారు." బూట్లు విప్పుకుంటూ చెప్పింది. "వాళ్లు వస్తే టైము ఇవ్వరంట కదా. అందుకని ముందే పెట్టుకున్నా. నీకూ సర్దిపెట్టనా?"

ఒళ్లోకి తీసుకుందామంటే బాగా పొడుగైంది. ఎక్కడికీ వెళ్లం అని చెబుదామనుకున్నాను. లెటర్ వచ్చేసింది కదా. చెప్పలేకపోయాను. నేను చెబితే నమ్మే మనిషి ఒకామె ఇప్పటికే ఆసుపత్రిలో ఉంది.

మార్చి 20, గురువారం

ఆసుపత్రికి వెళ్లాను. చెప్పేద్దామనే వెళ్లాను. మాట ఎలా మొదలుపెట్టాలా అని నీళ్ల గ్లాసు అటూ ఇటూ జరుపుతుంటే అక్కే అంది:

"నొప్పి గురించి నేనేం అనలేదే ఆ రోజు."

గ్లాసు వదిలేశాను.

"నీకు అర్థమైందా?"

"ఈ దేశంలో పద్నాలుగేళ్లున్నాను. మాట్లాడమంటే నాలిక తిరగదు గానీ చెవులు పనిచెయ్యవా? పట్టీని ఏమంటారో తెలుసు. తీగని ఏమంటారో తెలుసు. చెల్లిని ఏమంటారో తెలుసు. నువ్వు చెప్పినదాంట్లో చివరి రెండూ రాలేదు."

"మరి అప్పుడే ఎందుకు అనలేదక్కా?"

"ఏమని? ఈమె అబద్ధమాడుతోందని ఆ వచ్చినామెతో అనమంటావా? ఏ భాషలో? అది కూడా నువ్వే చెప్పాలి కదే." నవ్వబోయి మానేసింది. "పైగా నీకు పిల్ల ఉంది. నాకెవరున్నారు?"

కాళ్ల దగ్గర కూర్చుని చెయ్యి పట్టుకోబోయాను. ఎడమ చెయ్యే. వెనక్కి తీసుకుంది.

"కోపం లేదనుకోకు. ఉంది. వేళ్లు పోయినందుకు కాదు. ఆ రోజు నేను నీ వైపు చూసినప్పుడు నువ్వు ఆవిడ పెన్ను వైపు చూశావు. దానికి."

జడ వెయ్యనా అని అడిగాను. నర్సు వేస్తుందిలే అంది.

మార్చి 21, శుక్రవారం

ఆయనకి అంతా చెప్పాను. ఈసారి చెప్పదగనిది కూడా.

మొదట అరిచారు. తర్వాత తలుపులు వేసి ఉన్నాయో లేదో చూసుకుని మళ్లీ అరిచారు. "ఏప్రిల్ పది! ఒక్క ఇరవై రోజులు! కార్డులు చేతికొచ్చాక వెళ్లి ఏం చెప్పుకుంటావో చెప్పుకో. నేను అడ్డం రాను."

"ఇన్‌స్పెక్టరు ఇరవై ఎనిమిదిన రిపోర్టు ఇచ్చేస్తుందట. ఆ తర్వాత అక్క కేసు మూసేస్తారు."

"అయితే ఆమె కోసం మనం పోవాలా? పాప సంగతేంటి?"

"పాప అప్పుడే సర్దుకుని కూర్చుందండీ."

సంచీ తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టారు. చీటీ చదివారు. అన్నీ మళ్లీ అదే వరసలో లోపల పెట్టి జిప్పు లాగారు. "తీగ ఎన్ని చుట్లు?" అని అడిగారు.

"రెండు."

"మెకానిక్ మొహం ఎలా పెట్టుకుని కట్టాడో." అంతే అన్నారు. వెళ్లమనలేదు. వద్దని కూడా అనలేదు.

మార్చి 22, శనివారం

మాటల్లేవు. పప్పు మాడింది.

మార్చి 24, సోమవారం

కార్మిక శాఖ ఆఫీసు మూడో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉంది గానీ మెట్లెక్కి వెళ్లాను. ఆలస్యం కావాలనే కావచ్చు. రెండో అంతస్తులో కిటికీ దగ్గర ఆగి వెనక్కి పోదామనుకున్నాను. రెండు మెట్లు దిగాను కూడా. కింద నుంచి ఒకామె ఫైళ్లు మోసుకుంటూ వస్తోంది. ఆమెకి దారివ్వాలంటే పైకే ఎక్కాలి. ఎక్కాను.

ఇన్‌స్పెక్టరు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టాను, లేకపోతే చెప్పలేనని. అక్క వాక్యాన్ని అక్క చెప్పినట్టే ఆమె భాషలో చెప్పాను. జనవరి, తీగ, రెండు చుట్లు, నేనన్న మాట. కాగితం మీద సంతకం కూడా. వ్యాకరణం తప్పింది. దిద్దేవాళ్లు ఎవరూ లేరు.

ఆమె పెన్ను ముట్టుకోలేదు. అంతా అయ్యాక అడిగింది:

"మీరు చెప్పేది రాస్తే, అధికారి ముందు తప్పుగా అనువదించానని మీరే ఒప్పుకున్నట్టవుతుంది. అది తెలుసా?"

"తెలుసు."

"మీ పర్మిట్?"

"ఏప్రిల్ పదిన."

"ఎవరైనా మిమ్మల్ని ఇలా చెప్పమని ఒత్తిడి చేశారా?"

"చేసి ఉంటే ఇన్ని రోజులు పట్టేది కాదండీ."

అప్పుడు పెన్ను తీసింది. మూడు పేజీలయ్యాయి. ప్రతి పేజీ నాకు చదివి వినిపించింది. ఒకచోట "తోటి కార్మికురాలు" అని రాసింది. అక్క అన్న మాట అది కాదని, చెల్లి అనే అందని చెప్పాను. సొంత చెల్లెలా అని అడిగింది. కాదన్నాను. కొట్టేసి, "ఆమె చెల్లి అని పిలిచే సహోద్యోగి" అని రాసింది.

మెట్లు దిగాను. తేలికపడతాననుకున్నాను. పడలేదు. భయం మరీ ఎక్కువైంది.

మార్చి 26, బుధవారం

పొద్దున గేటు దగ్గర కార్డు ఆనిస్తే తలుపు తెరుచుకోలేదు. గడియారమే బయటికొచ్చాడు. విచారణ అయ్యేదాకా రావద్దన్నాడు. లెటర్ వెనక్కి తీసుకుంటున్నట్టు పర్మిట్ ఆఫీసుకి తెలియజేశారట.

"నీకు నేనేం తక్కువ చేశాను?" అన్నాడు. నిజంగానే అడిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. పాపం, ఆయన మీదా ఎవరో ఉంటారు, విడతలు ఎందుకు వెనకబడ్డాయని అడిగేవాళ్లు.

"ఏం తక్కువ చెయ్యలేదండీ. అక్కకి రెండు వేళ్లు తక్కువయ్యాయి."

ముందే అనుకుని అన్న మాట కాదు. నోటికి అదే వచ్చింది. అన్నాక చెయ్యి నోటికి అడ్డం పెట్టుకున్నాను.

బస్సు స్టాపులో తాతగారు కనబడ్డారు, పనికి వస్తున్నారు. తల తిప్పుకున్నారు. నాలుగడుగులు పోయి వెనక్కొచ్చి, "ఆ కాగితంలో ఏముందో ఇప్పుడు చెప్పు" అన్నారు. చెప్పాను. అక్షరం వదలకుండా చెప్పాను.

"నా చేత అదా సంతకం పెట్టించావు?"

తలొంచుకున్నాను. డెబ్బై ఏళ్ల మనిషి. బస్సు వచ్చేదాకా నా పక్కన నిలబడ్డారు.

మార్చి 29, శనివారం

ఉత్తరాల పెట్టె నాలుగుసార్లు చూశాను. సెలవు రోజు ఉత్తరాలు రావు.

ఏప్రిల్ 2, బుధవారం

విచారణ. ప్రభుత్వం తరఫున అనువాదకుడు వచ్చాడు, మనవాడే, కళ్లజోడు, నింపాదైన మనిషి. అక్క కట్టు ఉన్న చెయ్యి ఒళ్లో పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి చెప్పింది. అదే వాక్యం. మా చెల్లిని అడిగాను, భయం లేదంది. అతను ఏదీ వదల్లేదు. ఆ వాక్యం ఇక్కడి భాషలో అంత పెద్ద గదిలో వినబడుతుంటే చెవులు మూసుకోబుద్ధయింది. మూసుకోలేదు.

తర్వాత నన్ను పిలిచారు. అవునన్నాను.

నా తర్వాత తాతగారిని పిలిచారు. ఆయన వస్తారని నాకు తెలియదు. పాత కోటు వేసుకుని వచ్చారు. చదవకుండా సంతకం పెట్టానని, ఇప్పుడు తెలిసింది కాబట్టి వెనక్కి తీసుకుంటానని చెప్పారు. నా పేరెత్తలేదు. "నాకు చదువు రాదు, అది నా తప్పే" అన్నారు. అలా అనకుండా ఉంటే బాగుండేది.

తీగ కట్టింది, ప్రమాదం తర్వాత తీసేసింది తనేనని సాయంత్రానికి మెకానిక్ ఒప్పుకున్నాడు.

బయట అక్కని చక్రాల కుర్చీలో ఎక్కిస్తుంటే దగ్గరికి వెళ్లాను. నన్ను చూసి, "ఆ కళ్లజోడు అబ్బాయి బాగా చెప్పాడు" అంది. అంతే.

ఏప్రిల్ 10, గురువారం

పర్మిట్ ఆఫీసు. కవర్లో లెటర్ లేదు. దాని బదులు ఇన్‌స్పెక్టరు ఇచ్చిన ఒక పేజీ ఉంది. పాపకి ఇస్త్రీ గౌను వేశాను. ఆయన గడ్డం రెండుసార్లు గీసుకున్నారు.

కౌంటర్లో అతను తెరలోకి చూస్తూ, "ఉద్యోగం ఉందా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా మా ఆయన ముందుకొచ్చారు. ఆయనకి ఇక్కడి భాష అంతంత మాత్రం. చేతులు ఊపుతూ, తడబడుతూ, "నా భార్య నిజం చెప్పింది. అందుకు ఉద్యోగం లేదు. నేను లిఫ్టు పని. నేను పని చేస్తాను" అన్నారు. మాటలు వెతుక్కుంటుంటే చెమట పట్టింది. నేను సాయం చెయ్యబోతే పాప నా చెయ్యి పట్టుకుని ఆపింది. నాన్నని చెప్పనిమ్మంది.

అతను లోపలికి వెళ్లాడు. పాతిక నిమిషాలు. గోడ మీద పోస్టర్లు మూడుసార్లు చదివాను. తిరిగొచ్చి చిన్న కాగితం ఇచ్చాడు. విచారణ తుది ఉత్తర్వు వచ్చేదాకా, ఆరు నెలలు మించకుండా ఉండవచ్చు. ఆ తర్వాత ఏమవుతుందో ఆ కాగితంలో లేదు. నేను తప్పుగా అనువదించిన సంగతి ఎవరో వేరేగా తేలుస్తారట.

బస్సులో పాప లెక్కపెట్టింది. "ఆరు నెలలంటే నా పుట్టినరోజు ఇక్కడే అవుతుంది" అంది. ఆయన కిటికీలోంచి చూస్తూ, "అవుతుంది" అన్నారు.

సంచీ ఇంకా మంచం కిందే ఉంది. విప్పమని నేను చెప్పలేదు.

ఏప్రిల్ 16, బుధవారం

ఈ రోజు అక్కకి రెండో ఆపరేషన్. పిలవకుండానే వెళ్లాను. వద్దంటే కింద కూర్చుని వచ్చేద్దామనుకున్నాను.

వద్దనలేదు, రమ్మనలేదు. జుట్టు చిక్కుపడి ఉంది. దువ్వెన తీస్తే తల కొంచెం నా వైపు తిప్పింది. రెండు జడలు వేసి, ఆపరేషన్ టోపీ కింద చుట్టాను. మధ్యలో, "గట్టిగా లాగకే" అని ఒక్కసారి తిట్టింది.

పదింటికి ఆపరేషన్ గది ముందు నర్సు కాగితాలతో వచ్చింది. లోపల ఏదైనా జరిగితే ఎవరికి చెప్పాలి, ఈ దేశంలో ఈమెకి ఎవరున్నారు అని అడిగింది. తెలుగులో అక్కకి చెప్పాను. అక్క పైకప్పు చూస్తూ ఉండిపోయింది.

నర్సు నన్ను అడిగింది: "మీరు ఈమెకి ఏమవుతారు?"

ఏ మొహం పెట్టుకుని చెప్పను? "అనువాదకురాలినండీ" అన్నాను.

నర్సు రాసుకోబోయింది. మంచం మీద నుంచి పెద్ద గొంతు వినబడింది. ఇక్కడి భాషలో. ఇన్నేళ్లలో అక్క నోట ఆ భాష నేను వినడం అదే మొదటిసారి. వాక్యం అతకలేదు, లింగం తప్పింది, ఉచ్చారణ సగం మనది.

"కాదు. తప్పు. వీడు చెల్లి. రాయి."

నర్సు నా వైపు చూసింది, నిజమేనా అన్నట్టు.

నేను అక్క వైపు చూశాను.

"చెల్లెలిని" అన్నాను. నా ఫోన్ నంబరు ఒక్కొక్క అంకే చెప్పాను. నర్సు రాసుకుంది. మంచాన్ని లోపలికి తోసుకెళ్లారు. తలుపులు మూసుకున్నాయి. నేను వరండాలో ఎదురుగా ఉన్న కుర్చీలో కూర్చుని ఇది రాస్తున్నాను. పదకొండూ నలభై. ఇంకా పిలవలేదు.